నాన్న నిన్ను కొట్టలేదా?

ప్రశ్న: మాది పలాస. నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి వెళ్తాను, మా ఆయన ఆటో నడుపుతారు. పాప ఆరో తరగతి, బాబు మూడు. మొన్న రాత్రి బాబు అన్నం తింటూ అక్కను మంచినీళ్లు తెమ్మన్నాడు. అది హోంవర్క్ రాసుకుంటూ కాస్త ఆలస్యం చేసింది. వీడు ఎంగిలి చేత్తోనే లేచి దాని వీపు మీద గుద్దాడు. "అక్కను కొడతావా" అని నేను కేకలేస్తే, "నాన్న నిన్ను కొట్టలేదా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మా అత్తమ్మ "మగ గుంటడు, పెద్దయితే ఆడే సర్దుకుంటాడు" అంటుంది. మా ఆయన హాస్టల్లో వేసేద్దాం అంటున్నారు. హాస్టల్లో వేస్తే మారతాడా? నా పెంపకంలోనే తప్పుందా?

జవాబు: చెల్లెమ్మా, తప్పంతా మీ ఒక్కరి నెత్తిన వేసుకోకండి. బాబు మిమ్మల్ని ఎదిరించాడని బాధపడుతున్నారేమో, వాడు చూసింది చెప్పాడు. నీళ్లు ఆలస్యమైతే కొట్టొచ్చు, కొట్టేది మగవాడు, పడేది ఆడమనిషి, తెల్లారితే అందరూ మామూలుగా పనుల్లోకి పోతారు, ఇదంతా ఎవరూ కూర్చోబెట్టి చెప్పకుండానే వాడికి వచ్చేసింది.

మాది బొబ్బిలి. మా ఇంట్లో కొట్టడాలు లేవు గానీ, మగవాళ్లు తిని లేచాకే ఆడవాళ్లు కూర్చునేవారు. చేపల పులుసులో ముక్కలు మాకు, అడుగున మిగిలిన పులుసు అమ్మకు. అమ్మకు ముక్క ఉంచొద్దని మాకెవరూ చెప్పలేదు, ఉంచాలనీ చెప్పలేదు. నా పెళ్లైన కొత్తలో చీపురుపల్లి నుంచి మా బావమరిది వచ్చాడు, పదిహేనేళ్లవాడు. గిన్నెలో ఉన్న ఆఖరి ముక్క నేను వేసుకున్నాను. వాడు ఏమీ అనకుండా తన కంచంలో ముక్కను రెండు చేసి సగం వాళ్ల అక్క కంచంలో పెట్టాడు. ఆ రోజు నాకు అన్నం దిగలేదు. వాడు గొప్ప పని చేశానని కూడా అనుకోలేదు, వాళ్లింట్లో అది మామూలే.

1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఆల్బర్ట్ బండూరా అనే సైకాలజిస్టు, పసిపిల్లలు చూస్తుండగా ఒక పెద్దమనిషి చేత గాలిబొమ్మను కొట్టించాడు. తర్వాత బొమ్మ దగ్గర వదిలితే చాలామంది పిల్లలు అచ్చం అలాగే కొట్టారు, ఆ మాటలే అంటూ. 1965లో మళ్లీ చేశాడు. ఈసారి కొట్టినవాడికి శిక్ష పడటం చూసిన పిల్లలు తగ్గారు, కానీ "అతను చేసినట్టు చేసి చూపిస్తే బహుమతి" అనగానే వాళ్లూ మిగతావాళ్లతో సమానంగా చేసి చూపించారు. అంటే భయంతో ఊరుకున్న పిల్లలకు కూడా కొట్టడం వచ్చు. అందుకే హాస్టల్ వద్దంటున్నాను. వార్డెన్ ముందు అణిగి ఉంటాడు, సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చాక ఎవరి మీద చెయ్యెత్తుతాడో మీకే తెలుసు. రేపు పెళ్లయ్యాక, లేదా పదిమంది కూలీలతో పని చేయించే మేస్త్రీ అయ్యాక, అక్కడా అంతే.

నాకు బాబు కన్నా పాప గురించే ఎక్కువ బెంగగా ఉంది. ఉత్తరంలో దాని గురించి ఒక్క వాక్యమే రాశారు. దెబ్బ తిన్నాక ఏం చేసింది? నీళ్లు తెచ్చిచ్చిందా? తెచ్చిచ్చి ఉంటే, అదీ మిమ్మల్ని చూసే నేర్చుకుంది. ఈ రోజే దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని, తమ్ముడు చేసింది తప్పు, నీ తప్పేమీ లేదు అని చెప్పండి. "అక్కవి కదా, నువ్వే సర్దుకో" అని మాత్రం అనకండి.

బాబును కొట్టి బుద్ధి చెప్పాలని చూడొద్దు. మంచినీళ్లు వాడే ముంచుకోవాలి, కంచం వాడే కడగాలి, అక్క ఎలా చేస్తుందో అలాగే. అత్తమ్మ గొణుగుతారు, గొణగనివ్వండి. ఆవిడా ఇవన్నీ పడి వచ్చిన మనిషే, గొడవ పెట్టుకోకండి.

ఇక మీ ఆయన. ఆయన మనసు నెమ్మదిగా ఉన్నప్పుడు, పిల్లలు లేనప్పుడు, బాబు అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పండి, మీ మాట ఒక్కటీ కలపకండి. కొడుకు నోటి నుంచి వచ్చిన మాట తండ్రికి గుచ్చుకోవచ్చు. చెబితే మళ్లీ చెయ్యి చేసుకుంటారన్న భయం ఉంటే ఒంటరిగా చెప్పొద్దు, మీ అన్ననో, ఆయన గౌరవించే పెద్దవాళ్లనో కూర్చోబెట్టుకోండి. అయినా కొడితే 181కి ఫోన్ చేయండి, మహిళల హెల్ప్‌లైన్ అది, రాత్రయినా పగలైనా పలుకుతారు. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం శ్రీకాకుళంలో ఉంది. 2005 నాటి గృహహింస చట్టం కింద, అదే ఇంట్లో ఉంటూనే రక్షణ కోరే హక్కు మీకు ఉంది. కేసు పెడితే ఇల్లు వదిలి పోవాలేమో అని చాలామంది భయపడి ఆగిపోతారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పాప ఏమందో మళ్లీ ఉత్తరం రాయండి.