పాత కారు ఫ్యూజులు, క్లిప్పుల చిలుము

ప్రశ్న: మా పాత కారులో ఒక హెడ్‌లైటు మసకబారింది. ఫ్యూజు కాలిపోలేదు, వేళ్ళతో తిప్పితే కాసేపు బాగానే వెలుగుతుంది. ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు వేయవచ్చా?

జవాబు: దయచేసి వేయకండి. ఫ్యూజు కాపాడేది వైరును. దాని సామర్థ్యం పెంచితే షార్ట్ అయినప్పుడు ముందు వైరే కాలుతుంది. మీ వివరణను బట్టి లోపం ఫ్యూజును పట్టి ఉంచే లోహపు క్లిప్పుల్లో ఉండవచ్చు. పాత యూరోపియన్ కార్లలోని, రెండు కొసలూ మొనదేలిన సెరామిక్ ఫ్యూజు క్లిప్పును చాలా కొద్ది చోటులోనే తాకుతుంది కాబట్టి, తేమకు అక్కడ ఆకుపచ్చని చిలుము పడితే నిరోధం పెరిగి, ఆ చోటు వేడెక్కి, క్లిప్పు బిగువు కూడా సడలుతుంది. తిప్పినప్పుడు ఆ పొర కాస్త గీసుకుపోతుంది, అంతే. బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, క్లిప్పులను సన్నని ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, కొద్దిగా లోపలికి వంచి, తయారీదారు సూచించిన రేటింగు ఫ్యూజునే (తెల్లది 8, ఎర్రది 16 ఆంపియర్లు) బిగించండి. దొరికితే అల్యూమినియం పట్టీ ఉన్న ఫ్యూజు కన్నా రాగి పట్టీ ఉన్నదే మేలు.