నొక్కే ముందు ఏం చూడాలి?

ఫొటోగ్రఫీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఆదివారం తెల్లారేసరికి గోపాలపూర్ తీరంలో ఉంటాను. అలివి వల (ఒడ్డు నుంచి లాగే పెద్ద వల) లాగడం ఎన్నిసార్లు తీశానో లెక్కలేదు. పూటకి మూడు వందలు తీస్తాను, ఇంటికొచ్చి చూసుకుంటే ఒక్కటీ నిలబడదు. "కనబడ్డది తీసుకొస్తున్నావు గానీ నువ్వు చేసిన ఫొటో ఏదిరా?" అంటాడు మా స్నేహితుడు. వల లాగేవాళ్లని ఆపి పోజు పెట్టించలేను కదా! నేను చేయాల్సింది ఇంకేముంది?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: పోజు అక్కర్లేదు. వాళ్లని లాగనివ్వండి, కదలాల్సింది మీరు. ఆ మూడు వందల్లో ముప్పాతిక వంతు నిలబడ్డ చోటు నుంచే, కంటి ఎత్తులోనే తీసుంటారని పందెం కాయొచ్చు.

ముందు ఒక్క ముక్కలో తేల్చుకోండి, ఈ పూట ఫొటో దేని గురించి? మోకు మీద బిగిసిన చేతులా, వెనక్కి వాలిన మనుషుల వరుసా, ఆఖర్న ఒడ్డుకు చేరిన వల చుట్టూ మూగే తట్టలా? మూడింటికీ నిలబడాల్సిన చోట్లు వేరు. తట్టలే కావాలంటే పని తీరు గమనించండి. వల రెండు కొసల మోకుల్నీ రెండు జట్లు లాగుతాయి. వల దగ్గరయ్యేకొద్దీ జట్లు కూడా ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. అంటే ఆఖరి సందడి ఎక్కడ జరగబోతోందో ముందే తెలిసిపోతుంది, సుమారుగా రెండు జట్లకీ నడిమధ్య. అక్కడ ముందే వెళ్లి కూర్చోండి. సందడి మొదలయ్యాక పరిగెత్తితే దొరికేవి వీపులే.

మనుషుల వరుస కావాలనుకుంటే ఒక చిన్న లెక్క ఉంది. సముద్రమూ ఆకాశమూ కలిసే గీత ఎప్పుడూ మీ కెమెరా ఎత్తులోనే పడుతుంది. మీరు నిలబడి తీస్తే, మీ ఎత్తు మనిషికి ఆ గీత కళ్ల మీదుగా పోతుంది. ముదురు ఒళ్లు ముదురు నీళ్లలో కలిసిపోయి తల పైభాగం ఒక్కటే తేలుతుంది. మోకాళ్ల మీద కూర్చుని కెమెరాను రెండడుగుల ఎత్తుకు దించండి. తొడల నుంచి పైభాగమంతా ఆకాశం మీదికి లేస్తుంది. తీరం వాలుగా ఉంటుంది కాబట్టి, మీరు ఇసుక మెట్ట మీదా వాళ్లు నీటి అంచునా ఉంటే ఎంత వంగినా చాలదు. మీరూ దిగాలి. (ప్యాంటు తడుస్తుంది, తప్పదు.)

ఆ తర్వాత మనిషికీ మనిషికీ మధ్య ఎడం చూసుకోవాలి. వరుసకు సరిగ్గా వెనక నిలబడితే ఆరుగురూ ఒకే ముద్ద. నాలుగడుగులు పక్కకు జరిగితే మధ్యలో వెలుతురు సందులు తెరుచుకుంటాయి. అవి తెరుచుకునే దాకా నొక్కకండి.

సూర్యుడి సంగతి కూడా ముందే తేల్చుకోవచ్చు. గోపాలపూర్ తీరం ఆగ్నేయానికి ముఖం పెట్టి ఉంటుంది. డిసెంబరులో సూర్యుడు దాదాపు ఎదురుగా నీళ్ల మీంచి లేస్తాడు, నీడబొమ్మలకు అది మంచి కాలం. జూన్‌లో ఈశాన్యానికి జరిగి బాగా ఎడమన, తీరం వెంట లేస్తాడు. అప్పుడు పక్కవెలుతురులో భుజాల కండలు, మోకు పేటలు తేలతాయి. డిసెంబరు ఫొటోని జూన్‌లో తీయబోతే విసుగే మిగులుతుంది.

నీడబొమ్మకి కెమెరాలో ఎఫ్/8 (లెన్సు కంత కొలత), ఐఎస్‌ఓ 200 (వెలుతురుకి స్పందించే చురుకు) పెట్టి, సూర్యుణ్ణి వదిలేసి పక్క ఆకాశాన్ని కొలిచి, అక్కడి నుంచి ఒక స్టాప్ (అంటే వెలుతురు సగానికి) తగ్గించండి. షట్టర్ సెకనులో 1/500 వంతుకి అటూ ఇటూ వస్తే చేతులు కదిలిపోవు. ఫోన్‌లో అయితే వెలుతురు ఆకాశం మీద వేలు నొక్కిపట్టి లాక్ చేసి కిందికి లాగండి. హెచ్‌డీఆర్ ఆపే వీలుంటే ఆపేయండి. లేకపోతే నల్లగా ఉండాల్సిన మనుషుల్ని ఫోనే వెలిగించి బూడిదరంగు చేసేస్తుంది.

ఏసీ గదిలోంచి నేరుగా తీరానికి తెచ్చిన లెన్సు మీద మంచు పడుతుంది. అరగంట ముందే సంచీతో సహా బయట పెట్టండి. ఇసుక పడితే బ్లోయర్‌తో ఊదాకే గుడ్డ తాకించాలి. ముందే తుడిస్తే గీతలు పడతాయి.

ఇంకొక్క మాట. వచ్చే ఆదివారం ముప్పై ఆరు దాటొద్దు. పాత రీలు లెక్క అదే.

ప్రశ్న: మా మామ్మని ఫోన్‌లో దగ్గర్నుంచి తీస్తే ముక్కు పెద్దదై ముఖం ఉబ్బినట్టొస్తోంది. పైగా కెమెరా చూడగానే బిగుసుకుపోతుంది.
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: తప్పు ఫోన్‌ది కాదమ్మా, దూరానిది. ముక్కు కొసకీ చెవికీ మధ్య 12 సెంటీమీటర్లు ఉందనుకోండి. ఫోన్ 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవితో పోలిస్తే ముక్కు 30 శాతం పెద్దగా పడుతుంది. అదే 160 సెంటీమీటర్లకు జరిగితే తేడా ఏడెనిమిది శాతానికి దిగిపోతుంది, కంటికి ఆనదు. కాబట్టి రెండడుగులు వెనక్కి, మరో రెండడుగులు వెనక్కి జరిగి, ఆ తర్వాత 2ఎక్స్ నొక్కండి.

మామ్మని ఎండలోకి పిలవొద్దు. పొద్దున్న తొమ్మిదింటికి అరుగు మీద నీడ అంచున, వీధి వైపు కొద్దిగా తిరిగి కూర్చోబెట్టండి. తెల్లగా వెలిగే వీధే పెద్ద దీపంలా పనిచేస్తుంది. వెనక గుమ్మం తెరిచి ఉంచితే లోపలి చీకటి నల్లటి తెర అవుతుంది. బిగుసుకుపోవడానికి మందు చేతికి పని ఇవ్వడమే, చిక్కుడుకాయలు ఈనె తీయమనండి. మొదటి పది ఫొటోలు ఎలాగూ పనికిరావు, అవి అలవాటు కావడానికి. పదకొండోదానికి ఆవిడ కాయల్లో పడిపోతుంది.

ప్రశ్న: మా బాబు తొలి అడుగులు వేసినప్పుడు ఇన్ని చూసుకుని తీయడం కుదురుతుందా?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: కుదరదు, అక్కర్లేదు కూడా. ఆటోలో పెట్టి నొక్కండి. మసకగా వచ్చినా, సగం తల తెగినా దాచుకునే ఫొటో అది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ల మాట వినకండి. నేల మీద కూర్చుని బాబు ఎత్తులో తీస్తే మరీ మంచిది.

ప్రశ్న: చాటికొన బుధవారం సంతలో తీయాలని ఉంది. అడిగి తీస్తే సహజత్వం పోతుంది, అడక్కుండా తీయడానికి మనసొప్పదు.
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: అడగండి. వద్దంటే వద్దే, దూరం నుంచి జూమ్ చేసి తీయడం దొంగతనం కిందే లెక్క. సరేనన్నవాళ్ల దగ్గర ఏదైనా కొని, పావుగంట కూర్చోండి. బేరం మళ్లీ మొదలయ్యేసరికి మిమ్మల్ని మరిచిపోతారు, పోయిందనుకున్న సహజత్వం అప్పుడు తిరిగొస్తుంది.

ఆ పావుగంటలో కెమెరా సిద్ధం చేయండి. 18-55 జూమ్ లెన్సును 24 మిల్లీమీటర్ల దగ్గర పెట్టి, ఎఫ్/8లో, మూడు మీటర్ల దూరంలో ఉన్న దేనిమీదైనా ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చేయండి. రెండు మీటర్ల నుంచి పది దాకా అంతా స్పష్టంగానే వస్తుంది, మళ్లీ ఫోకస్ వెతుక్కునే పని లేదు. షట్టర్ 1/250కి తగ్గకుండా ఐఎస్‌ఓని ఆటోలో వదిలేయండి.

సంతలో ఎక్కువమంది పడే గొయ్యి నీలం టార్పాలిన్. దాని కింద కూర్చున్నవాళ్ల ముఖాలు నీలంగా పడతాయి. కెమెరాలో రంగు సరిచేసే వైట్ బ్యాలెన్స్‌తో సరిచేయబోతే వెనక ఎండంతా పసుపెక్కుతుంది. పందిరి అంచున, బయటి వెలుతురు ముఖాన పడేచోట కూర్చున్న దుకాణం ఎంచుకోండి.

ప్రశ్న: తీసిన తర్వాత కత్తిరించడం, రంగులు మార్చడం మోసం కాదా?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: కాదు. మనసులో ఉన్న ఫొటో కోసం రంగు మార్చడం, కత్తిరించడం పెద్దవాళ్లూ చేశారు. 1927లో ఫొటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్ అమెరికాలో హాఫ్ డోమ్ కొండని నలుపు-తెలుపులో ముందు పసుపు ఫిల్టర్‌తో తీశాడు. తన మనసులో ఉన్న ఆకాశం అందులో రాదనిపించి, మిగిలిన ఒక్క ప్లేటుకి (అప్పట్లో ఫిల్మ్‌లా వాడే గాజు పలక) ముదురు ఎరుపు ఫిల్టర్ వేశాడు. ఆకాశం దాదాపు నల్లగా వచ్చింది. ఇక క్షణాన్ని పట్టడంలో అందరూ చెప్పుకునే ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్టియే-బ్రెసాఁ 1932లో పారిస్ రైల్వే స్టేషన్ వెనక నీటిగుంట దాటుతున్న మనిషిని కంచె సందులోంచి తీశాడు. అడ్డొచ్చిన భాగాన్ని కత్తిరించాకే అది మనం చూసే ఫొటో అయింది. వార్తా ఫొటోలో లేనిది చేర్చడం, ఉన్న మనిషిని చెరిపేయడం మాత్రం మోసమే.

ప్రశ్న: పట్టుచీర మగ్గం తీస్తుంటే ఫొటో బొమ్మలా బిగుసుకుపోయి వస్తోంది, నేత కదలిక కనబడటం లేదు. ఫొటోలో అడ్డంగా నల్లచారలు కూడా పడుతున్నాయి.
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: షట్టర్ మరీ వేగంగా పెడుతున్నారు. 1/500లో నాడె (పేక దారాన్ని అటూ ఇటూ మోసేది) మగ్గం మీద ఎవరో మరిచిపోయి పెట్టినట్టు ఉంటుంది. ట్రైపాడ్ మీద 1/25కి దించండి. నాడె గీతలా సాగుతుంది, పడుగు దారాలూ నేసేవారి ముఖమూ నిలకడగా ఉంటాయి. చారలకు కారణం ఎల్‌ఈడీ దీపం. మన 50 హెర్ట్జ్ కరెంటుకి అది సెకనుకు వందసార్లు మిణుకుతుంది, 1/25లో అవీ పోతాయి. అసలు దీపం ఆర్పేసి కిటికీ వెలుతురు మీద ఆధారపడితే ఇంకా మేలు. రెండు రంగుల వెలుతురు కలవదు, పక్కనుంచి పడే వెలుతురుకి జరీ మెరుస్తుంది. ఫ్లాష్ వేశారా, జరీ తెల్లటి మచ్చలైపోతుంది.

ఎప్పుడు నొక్కాలో చెవితో పట్టండి. పేకను దగ్గరికి కొట్టే చప్పుడు లయగా వస్తూ ఉంటుంది. నాలుగైదుసార్లు ఊరికే విని, చప్పుడు అయిన వెంటనే నొక్కితే నాడె మధ్యదారిలో దొరుకుతుంది.