రెండుసార్లు చెరిపినా తిరిగొచ్చిన పీ0171

ప్రశ్న: నాది 2016 నాటి పెట్రోలు కారు, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. నెల క్రితం చెక్ ఇంజిన్ లైటు వెలిగితే, షెడ్డులో స్కానర్ పెట్టి చూసి పీ0171 అని చెప్పి, ఆ కోడ్ చెరిపేశారు. మూడో రోజున మళ్లీ వెలిగింది. ఆక్సిజన్ సెన్సర్ పాడైందంటే కొత్తది వేయించి, కోడ్ మళ్లీ చెరిపించాను. వారం తిరగకముందే అదే కోడ్ వచ్చింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ ఊగుతోంది, హైవే మీద మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు లోపలికి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్ మార్చాలంటున్నారు. మార్పించమంటారా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇప్పుడే మార్పించకండి. పీ0171 అంటే ఫలానా భాగం చెడిపోయిందని కాదు; ఇంజిన్‌లోకి వెళ్లే గాలికి తగినంత పెట్రోలు అందడం లేదని కంప్యూటరు గమనించిందని మాత్రమే అర్థం. ఆ సంగతి చెప్పింది పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సరే కాబట్టి చాలా షెడ్లలో ముందు దాన్నే మార్చేస్తారు. ముఖం మీద మసి ఉంటే అద్దం మార్చినట్టుంటుంది ఆ పని.

అసలు సమాచారం స్కానర్‌లోనే, ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకెల్లో ఉంటుంది. కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ లెక్క తప్పినప్పుడు కంప్యూటరు పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో ట్రిమ్ చూపుతుంది. ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర మరోసారి లాంగ్ (దీర్ఘకాల), షార్ట్ (అప్పటికప్పటి) ట్రిమ్‌లను కలిపి చూడమనండి. ఐడిల్‌లో 25 శాతం దాకా ఉండి, రేజ్ చేయగానే ఐదారుకు పడిపోతే, కొలతకు అందని గాలి ఎక్కడో దొంగదారిన లోపలికి వెళుతోందన్నమాట. ఐడిల్‌లో త్రాటిల్ (గాలిని లోపలికి వదిలే మూత) దాదాపు మూసుకుని ఉండి ఇంజిన్ పీల్చే మొత్తం గాలే తక్కువ కాబట్టి, చిన్న చిల్లు కూడా పెద్ద తేడా చూపుతుంది. మీ బండి సిగ్నల్ దగ్గరే ఊగుతోందంటే నా అనుమానం దీని మీదే. అలా కాక, ఐడిల్‌లో బాగుండి లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగితే పెట్రోలు పంపు, ఫిల్టరు, ఎయిర్ ఫ్లో సెన్సర్ల వైపు చూడాలి. అప్పుడు కూడా ఆ సెన్సర్‌ను ముందు దానికోసమే అమ్మే క్లీనర్ స్ప్రేతో శుభ్రం చేయించండి.

ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలు పోస్తే పాత బండ్లలో ట్రిమ్ కొంత పెరగడం సహజమే. అయితే ఆ పెరుగుదల ఐడిల్‌లోనూ, రేజ్ చేసినప్పుడూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది.

గాలి లీకు ఎక్కువగా పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరిని తిరిగి గాలిదారిలోకి పంపేది), బ్రేక్ బూస్టర్ గొట్టం, ఇంటేక్ మానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకు పంచే గొట్టాలు) గ్యాస్కెట్ల దగ్గర ఉంటుంది. పైకి చూస్తే సరిపోదు. ఇంజిన్ ఆపి, చల్లారాక గొట్టాన్ని వేళ్లతో వంచి చూడాలి. పైన నున్నగా కనిపించే రబ్బరు, క్లిప్పు పక్కన అడుగు భాగంలో బీటలు వారి ఉండవచ్చు. కంటికి దొరకకపోతే స్మోక్ టెస్ట్ (యంత్రంతో పొగ పంపి లీకు పట్టుకోవడం) చేసే షెడ్డుకు తీసుకెళ్లండి. కొందరు అగరుబత్తి పొగతో వెతుకుతారు గానీ, పెట్రోలు ఆవిరి ఉండే చోట ఆ పని వద్దు.

కోడ్ చెరిపే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్‌ను ఫోనులో ఫొటో తీసుకోండి. లోపం నమోదైన క్షణాన ఇంజిన్ వేడి, వేగం, లోడు ఎంతో అందులో ఉంటాయి. కోడ్‌తోపాటు అవీ చెరిగిపోతాయి. రెండుసార్లు చెరిపించినప్పుడు మీరు పోగొట్టుకున్నది ఇదే.

ఈలోగా బండి నిదానంగా నడుపుకోవచ్చు. లైటు మిణుకుమిణుకుమంటే మాత్రం పక్కకు తీసి ఆపండి. అది మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం) గుర్తు, మండని పెట్రోలు వెళ్లి పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. గొట్టం మార్చాక లైటు వెలగలేదని ఊరుకోకండి. వారం నడిపి మళ్లీ స్కానర్ పెట్టించండి. ఐడిల్ ట్రిమ్ 10 శాతం లోపు నిలిస్తే పని అయినట్టే.