కంప్యూటర్ అసెంబ్లింగ్ నేర్చుకుంటే బతుకుతెరువు దొరుకుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

గుత్తి నుంచి ఒక తమ్ముడు అడిగాడు. బీకాం కంప్యూటర్స్ అయిపోయిందట, అసెంబ్లింగ్ నేర్చుకుంటే కెరీర్ ఉంటుందా, ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాలి అని. అనంతపురంలో ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్నాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను.

ఉత్త అసెంబ్లింగ్‌తో బతకలేరు. అది రెండు రోజుల పని. ప్రాసెసర్ మూలనున్న గుర్తు చూసి సాకెట్‌లో కూర్చోబెట్టాలి, ర్యామ్‌కు గాడి ఎటుందో చూసి నొక్కాలి, 24 పిన్నుల కేబుల్ మదర్‌బోర్డుకు, 8 పిన్నులది ప్రాసెసర్ పక్కన పెట్టాలి. తప్పుగా పెడదామన్నా చాలావరకు పట్టవు. పవర్ బటన్‌కు, లైట్లకు వచ్చే సన్న వైర్లే కాసేపు సతాయిస్తాయి. మరి షాపుకు డబ్బులెక్కడ వస్తాయంటే, ఆగిపోయిన మెషీన్ ఎందుకు ఆగిందో కనిపెట్టడంలో. అది రావాలంటే ముందు కరెంటు గురించి తెలియాలి. నాకు ఈ సంగతి ఒక లారీ కాటా దగ్గర తెలిసొచ్చింది.

2012 ఏప్రిల్. కమలానగర్‌లో ఒక షాపులో నెలకు 3,500 జీతానికి పని చేస్తున్నాను. తాడిపత్రి రోడ్డులో ఒక కాటా మా కస్టమర్. శనక్కాయల లోడు కాటా మీదికి ఎక్కితే బరువు ఇండికేటర్‌లో పడుతుంది, అక్కణ్ణుంచి సీరియల్ కేబుల్‌లో కంప్యూటర్‌కు వచ్చి చీటీ ప్రింటవుతుంది. ఒకరోజు బరువు రావడం ఆగిపోయింది. చూస్తే ఆ కేబుల్ పెట్టే కామ్ పోర్టు పోయింది. పోర్టు మదర్‌బోర్డులోదే కాబట్టి బోర్డే మార్చాం. నలభై రోజులకు మళ్లీ పోయింది. మళ్లీ మార్చాం. మూడోసారి ఫోనొచ్చినప్పుడు మా ఓనరు నన్నొక్కణ్ణే పంపాడు. పోయేసరికి లారీలు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి. కాటా ఆయన అందరి ముందూ "పాత బోర్డులు తెచ్చి అంటగడ్తాండారు మీరు" అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ నాకు.

చెమటలు కారుతుంటే క్యాబినెట్ వెనక్కి చెయ్యి పెట్టాను. మోచెయ్యి అంచుకు తగిలి జివ్వుమంది. ముందు రెండుసార్లూ తగిలింది కానీ పట్టించుకోలేదు. అక్కడ కూర్చునే పిల్లోడు "అది ఎప్పుడూ అట్లే కొడ్తాది సార్, చెప్పులేసుకుంటే ఏం కాదు" అన్నాడు. పక్కనే బోరు మోటారు రిపేరుకు వచ్చిన ఒక పెద్దాయన ఈ మాట విని లోపలికొచ్చాడు. నా బ్యాగులోని మల్టీమీటర్ అడిగి తీసుకుని ప్లగ్‌బోర్డులో పెట్టాడు. ఫేజ్‌కు న్యూట్రల్‌కు 228 వోల్టులు. న్యూట్రల్‌కు ఎర్త్‌కు 106. "రెండు, మూడు రావల్ల నాయనా. ఈడ ఎర్తే లేదు" అన్నాడు. ఎర్త్‌కు పోవాల్సిన పచ్చ వైరు ఎటు పోయిందో వెతుక్కుంటూ పోతే గది వెనక కిటికీ చువ్వకు చుట్టి ఉంది. అంతే, భూమిలోకి పోయిందే లేదు.

జరిగింది ఇదీ. ఎస్ఎంపీఎస్, అంటే కంప్యూటర్‌కు కరెంటిచ్చే డబ్బా, లోపల కరెంటులోని గలీజును ఎర్త్‌లోకి దింపడానికి చిన్న కెపాసిటర్లుంటాయి. ఎర్త్ లేకపోతే ఆ వోల్టేజీ క్యాబినెట్ మీదే నిలబడుతుంది, 230లో దాదాపు సగం. కాటా ప్లాట్‌ఫారమేమో ఇనుము, నేలలోనే ఉంది. అంటే కేబుల్‌కు ఈ కొసకూ ఆ కొసకూ వంద వోల్టుల తేడా. ఆ పిల్లోడు మెషీన్ ఆన్‌లో ఉండగానే కేబుల్ పీకి పెడుతుండేవాడు, పెట్టిన ప్రతిసారీ ఆ దెబ్బ పోర్టు చిప్ మీద పడేది. బోర్డుల తప్పు కాదు, మాది.

మరుసటి రోజే గుంత తవ్వించి, పైపు దింపి, బొగ్గూ ఉప్పూ వరసలు వేయించాం. మన జిల్లాలో వాన తక్కువ. ఎండిన నేల కరెంటును తీసుకోదు. అందుకే ఎండాకాలంలో వారానికి రెండు బిందెల నీళ్లు పొయ్యమని పెద్దాయన గట్టిగా చెప్పి పోయాడు. మీటర్ రెండు వోల్టులకు దిగింది. ఆ పోర్టు మళ్లీ పోలేదు.

లక్షలు పోసి ఇల్లు కట్టి, టైల్స్ ఏరి ఏరి వేయించి, ఎర్త్ గుంత దగ్గర పిసినారితనం చేసేవాళ్లను చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మూడో పిన్ను ఉత్తుత్తిగా బిగించి పోయే వైరింగువాళ్ల మీద ఇంకా కోపం. పిల్లలు ముట్టుకునే మెషీన్లవి.

ఇన్‌స్టిట్యూట్ సంగతి. నేనూ డబ్బు కట్టి నాలుగు నెలలు పోయాను. చచ్చిపోయిన పెంటియం 4 బోర్డులు టేబుల్ మీద పెట్టి పేర్లు బట్టీ పట్టించారు. ఆన్ కాని బోర్డుతో ఏం నేర్చుకుంటారు? ఆ డబ్బుతో ఒక పాత ఆఫీస్ మెషీన్, మంచి మల్టీమీటర్ కొనుక్కోండి. బెంగళూరు ఎస్పీ రోడ్డులో పాతవి దొరుకుతాయి. ఇరవైసార్లు విప్పి బిగించండి. మీరే చెడగొట్టండి: ర్యామ్ తీసి ఆన్ చేసి బీప్ వినండి, దాని కాళ్లు రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టండి, బోర్డు మీద బిళ్లలా ఉండే సీమాస్ బ్యాటరీ తీసి అందులో 3 వోల్టులున్నాయో లేదో చూడండి. ఎస్ఎంపీఎస్ విడిగా పెట్టి, దాని 24 పిన్నుల కేబుల్‌లో పచ్చ వైరును నల్ల వైరుకు కలిపితే తిరుగుతుంది, అప్పుడు 12, 5, 3.3 వోల్టులు కొలవండి. దాని డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్ పీకినా లోపలి కెపాసిటర్లో 300 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు.

ఐటీఐ అనుకుంటే కోపా (కంప్యూటర్ ఆపరేటర్, ప్రోగ్రామింగ్ అసిస్టెంట్) కాదు, ఐసీటీఎస్ఎం (కంప్యూటర్ సిస్టమ్‌ల మెయింటెనెన్స్) ట్రేడ్ హార్డ్‌వేర్‌కు దగ్గరిది. బెంగళూరు కంపెనీల్లో డెస్క్‌టాప్ సపోర్ట్‌కు పోవాలంటే నెట్‌వర్కింగ్ కూడా కావాలి. ఇక్కడే ఉంటానంటే పనికి కొరత లేదు. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ కంటే పాతవాటిలో చాలావాటికి విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ ఒప్పుకోదు. ఆ మెషీన్లన్నీ ఎవరో ఒకరి టేబుల్ మీదికి రావాల్సిందే.

ఆర్నెల్లు ఏదైనా షాపులో చేరండి, గుత్తి నుంచి రోజూ వచ్చిపోవచ్చు. జీతం గురించి పేచీ పెట్టొద్దు. చేరేముందు ఒక్కటే అడగండి, బయట సర్వీసుకు పంపుతారా అని. కౌంటర్‌లో కూర్చోబెట్టి మౌసులు, కీబోర్డులు అమ్మించే షాపైతే చేరొద్దు.