గ్రాంట్ వచ్చేది గైడ్ పేరు మీద, ముందు అది చూడండి

ప్రశ్న: మా అమ్మాయి బీఏఎస్‌ఎల్‌పీ (వినికిడి, మాట సమస్యల మీద డిగ్రీ) పూర్తి చేసింది. వినికిడి శాస్త్రంలో పీహెచ్‌డీకి అమెరికాలో ఒక యూనివర్సిటీ నుంచి ఆఫర్ వచ్చింది. ఫీజు ఉండదు, నెలనెలా స్టైపెండ్ ఇస్తామన్నారు. కానీ అక్కడి ప్రభుత్వం పరిశోధన నిధులు ఆపేస్తోందని వార్తల్లో చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. బంధువులేమో ఏయూడీ అనే క్లినిక్ డాక్టరేట్ చేస్తే క్లినిక్‌లో ఉద్యోగం దొరుకుతుంది, పీహెచ్‌డీ ఎందుకంటున్నారు. మధ్యలో డబ్బు ఆగిపోతే పిల్ల గతేమిటి?

జవాబు: అమ్మా, మీ భయం అకారణం కాదు. 2025లో అమెరికాలో చాలా పరిశోధన గ్రాంట్లను మధ్యలోనే రద్దు చేశారు. వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ప్రధాన ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ బడ్జెట్‌ను బాగా తగ్గించాలని, దాని కింద ఉన్న సంస్థల్లో చాలావాటిని కలిపేయాలని అధ్యక్షుడి వైపు నుంచి ప్రతిపాదన కూడా వచ్చింది. అయితే అక్కడ ప్రతిపాదన వేరు, మంజూరు వేరు. ఎంత ఇవ్వాలో తేల్చేది కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు. కాబట్టి వార్తలు పక్కన పెట్టి మీ అమ్మాయి చేతికి వచ్చిన ఆఫర్ లెటర్ తీయండి.

వినికిడి పరిశోధనకు అక్కడ పెద్ద దిక్కు ఎన్‌ఐడీసీడీ. ఎన్‌ఐహెచ్‌లో భాగంగా 1988లో ఏర్పడింది. వినికిడి, శరీర సమతుల్యం, వాసన, రుచి, గొంతు, మాట, భాష, ఈ ఏడూ దాని పరిధి. 2023లో దాని బడ్జెట్ సుమారు 53 కోట్ల డాలర్లు. అందులో ఎక్కువ భాగం యూనివర్సిటీల్లోని ల్యాబ్‌లకే వెళ్తుంది. మాజీ సైనికుల సంక్షేమ శాఖ కూడా ఈ రంగంలో పరిశోధనకు ఖర్చు పెడుతుంది. అక్కడి మాజీ సైనికుల్లో చెవిలో హోరు అంత ఎక్కువ మరి.

ఈ డబ్బు విద్యార్థికి ఎలా చేరుతుందో తల్లిదండ్రులకు ఎవరూ సరిగ్గా చెప్పరు. పీహెచ్‌డీ విద్యార్థి పేరు మీద ఇచ్చే ఎఫ్31 అనే ఫెలోషిప్ ఉంది కానీ అది అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు మాత్రమే. స్టూడెంట్ వీసా మీద వెళ్లే మీ అమ్మాయికి రాదు. ఆమెకు స్టైపెండ్ సాధారణంగా గైడ్ తెచ్చుకున్న గ్రాంట్‌లోంచి రీసెర్చ్ అసిస్టెంట్‌గా వస్తుంది, లేదా డిపార్ట్‌మెంట్ ఇచ్చే టీచింగ్ అసిస్టెంట్‌షిప్‌గా వస్తుంది. అంటే యూనివర్సిటీ పేరు ఎంత గొప్పదైనా గైడ్ గ్రాంట్ ఎప్పటివరకు ఉందన్నదే ముందు చూడాలి.

అది మీరు ఇంట్లో కూర్చునే చూడొచ్చు. ఎన్‌ఐహెచ్ రిపోర్టర్ అనే వెబ్‌సైట్ అందరికీ ఉచితం. అందులో గైడ్ పేరు కొడితే ఆయన ప్రాజెక్టులు వస్తాయి. ఒక్కో ప్రాజెక్టుకు ఒక పొడవాటి నంబరు ఉంటుంది. 5, ఆర్01, డీసీ, తర్వాత కొన్ని అంకెలు, చివర 04 అని ఉందనుకోండి. మొదటి 5 అంటే ఇదివరకే మంజూరై నడుస్తున్న గ్రాంట్. అక్కడ 1 ఉంటే కొత్తది, 2 ఉంటే మళ్లీ పోటీపడి పొడిగించుకున్నది. ఆర్01 అంటే పూర్తిస్థాయి పరిశోధన గ్రాంట్, ఎక్కువగా నాలుగైదేళ్లకు ఇస్తారు. డీసీ అంటే డబ్బు ఎన్‌ఐడీసీడీది. చివరి 04 అంటే నాలుగో ఏడు నడుస్తోంది. ఇక్కడే ఆగి ఆలోచించాలి. పీహెచ్‌డీకి మామూలుగా ఐదేళ్లు పడుతుంది. నాలుగో ఏట్లో ఉన్న గ్రాంట్ మీద చేరితే మరో ఏడాదికో రెండేళ్లకో గైడ్ మళ్లీ పోటీ పడాల్సిందే. కొన్ని నంబర్ల చివర ఏ1 అని కనిపిస్తుంది. మొదటిసారి రాకపోతే సరిదిద్ది మళ్లీ పంపి తెచ్చుకున్న గ్రాంట్ అన్నమాట. అది చూసి తక్కువగా అనుకోకండి, మంచి శాస్త్రవేత్తలకూ అలా జరుగుతుంది. ప్రాజెక్ట్ ముగింపు తేదీ కూడా అదే పేజీలో ఉంటుంది, రాసిపెట్టుకోండి.

తర్వాత మీ అమ్మాయి చేత గైడ్‌కు మర్యాదగా ఒక మెయిల్ రాయించండి. ఈ గ్రాంట్ అయిపోతే నా స్టైపెండ్ ఎక్కడి నుంచి వస్తుంది, డిపార్ట్‌మెంట్ ఎన్నేళ్లకు హామీ ఇస్తుంది, మీ ల్యాబ్‌లో ఇంతకుముందు చేరినవాళ్లు ఎన్నేళ్లలో పూర్తి చేశారు అని అడగాలి. మొహమాటపడాల్సిన పనేం లేదు, అక్కడ అందరూ అడిగేదే. హామీ నోటిమాటగా కాకుండా ఆఫర్ లెటర్‌లోనే ఉండాలి. "నిధుల లభ్యతను బట్టి" అన్న మాట ఉంటే, ఆ పరిస్థితి వస్తే డిపార్ట్‌మెంట్ ఏం చేస్తుందో కూడా తెలుసుకోండి. ప్రస్తుత విద్యార్థి ఒకరితో విడిగా మాట్లాడితే ఇంకా మంచిది.

ఇక బంధువులు చెప్పిన ఏయూడీ. అది క్లినిక్ డాక్టరేట్, మామూలుగా నాలుగేళ్లు. ఫీజు చాలావరకు సొంతంగా కట్టుకోవాలి. పీహెచ్‌డీ పరిశోధనకు, దాంట్లో స్టైపెండ్ ఉంటుంది. కానీ ఒక్క పరిశోధన పీహెచ్‌డీతో అక్కడ ఆడియాలజిస్ట్‌గా, అంటే వినికిడి వైద్య నిపుణురాలిగా, ప్రాక్టీసుకు సాధారణంగా లైసెన్స్ రాదు. రెండూ కలిపి చదివించే యూనివర్సిటీలూ ఉన్నాయి. రోగులతో రోజంతా గడపడం ఇష్టమా, ఒక ప్రశ్న పట్టుకుని ఏళ్ల తరబడి కూర్చోవడం ఇష్టమా అన్నది మీ అమ్మాయినే అడగండి. ఆ జవాబు బంధువుల దగ్గర దొరకదు.

పరిశోధనలో పట్టుకునే ప్రశ్నల విలువ మాత్రం తక్కువగా చూడకండి. మన లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే కేశ కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ రావు. పక్షుల్లో వస్తాయని 1980ల చివర్లో తేలింది. మనుషుల్లో ఎందుకు రావన్నది ఇప్పటికీ ల్యాబ్‌ల్లో నలుగుతున్న ప్రశ్నే. పుట్టిన ప్రతి బిడ్డకూ వినికిడి పరీక్ష చేయాలని 1993లో ఎన్‌ఐహెచ్ పిలిచిన నిపుణుల సమావేశం సిఫార్సు చేసింది. ఇప్పుడు అమెరికాలో పుట్టే పిల్లల్లో నూటికి 95 మందికి పైగా ఆ పరీక్ష జరుగుతోంది. ఒక బిడ్డకు వినపడదని మూడేళ్లకు తెలియడానికీ మూడు నెలలకే తెలియడానికీ మధ్య ఆ బిడ్డ భాషంతా ఉంది.

పీహెచ్‌డీ తర్వాత దారి కాస్త సులువు. కే99 అనే గ్రాంట్‌కు వీసా మీద ఉన్న పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పరిశోధన చేసేవాళ్లు) కూడా దరఖాస్తు చేయొచ్చు. ఆర్01కైతే పౌరసత్వం అడగరు, పనిచేసే సంస్థకు అర్హత ఉంటే చాలు.

ఫండింగ్ ఉన్న ఆఫర్లకు జవాబివ్వడానికి అక్కడి చాలా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 వరకు గడువిస్తాయి. మీ లెటర్‌లో ఏ తేదీ ఉందో చూసి, ఈ వారంలోనే గైడ్‌కు మెయిల్ పంపించండి. జవాబు వచ్చాక ఆఫర్ లెటర్‌తో పాటు నాకు పంపితే కలిసి చూద్దాం.