74 వస్తే ఒక్క మార్కుతో పోయినట్టేనా?

అమెరికాలో అకౌంటెంట్ లైసెన్సు కోసం రాసే సీపీఏ పరీక్ష మార్కుల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఫార్ (ఫైనాన్షియల్ అకౌంటింగ్) సెక్షన్‌లో 74 వచ్చింది. ఇంకొక్క ఎంసీక్యూ (ఆప్షన్లలోంచి ఎంచుకునే ప్రశ్న) సరిగ్గా పెట్టి ఉంటే గట్టెక్కేవాడినేనా?

జవాబు: చెప్పలేం. ఎందుకంటే ఆ 74 మార్కుల లెక్క కాదు, స్కేలు మీద ఒక చోటు. మన సీఏలో ఒక్కో పేపర్లో 40 శాతం, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. అక్కడ అవి నిజంగానే మార్కులు, కూడి చూసుకోవచ్చు. ఆ అలవాటుతో సీపీఏ స్కోరును చూడటం వల్లే ఈ గందరగోళం.

సీపీఏలో ప్రతి సెక్షన్‌కీ 0 నుంచి 99 వరకు స్కేలు ఉంటుంది, 75 వస్తే పాస్. ఈ 75 అంటే నూటికి 75 ప్రశ్నలు సరిగ్గా రాశారని అర్థం కాదు. నూటికి 75 మందిని దాటారనీ కాదు. కొత్తగా లైసెన్సు తీసుకునే అకౌంటెంట్‌కు కనీసం ఎంత తెలిసి ఉండాలో పరీక్ష పెట్టే ఏఐసీపీఏ (అక్కడి సీపీఏల సంఘం) నిర్ణయిస్తుంది. అందుకు పనిలో ఉన్న సీపీఏలతో ప్రశ్నలను పరిశీలింపజేస్తుంది. ఆ గీత ఎక్కడ పడినా దానికి 75 అని పేరు పెడతారు. ఒంటి వేడి సెల్సియస్‌లో 37, ఫారన్‌హీట్‌లో 98.6. వేడి ఒకటే, కొలబద్ద వేరు. ఇదీ అంతే.

ప్రశ్న: నేనూ మా ఫ్రెండూ ఒకే నెలలో రాశాం. ఇద్దరికీ దాదాపు అన్నే కరెక్టయ్యాయని అనుకున్నాం. తీరా చూస్తే అతనికి 81, నాకు 70. ఎవరి పేపర్ టఫ్‌గా వస్తే వాళ్లకు నష్టమేనా?

జవాబు: ఇద్దరికీ వచ్చింది ఒకే ప్రశ్నపత్రం కాదు. ప్రశ్నల బ్యాంకు నుంచి రకరకాల పత్రాలు తయారవుతాయి, వాటిలో కొంచెం తేలికవీ కొంచెం కష్టమైనవీ ఉంటాయి. ఆ తేడా ఎవరికీ లాభం గానీ నష్టం గానీ కాకుండా సరిచేయడానికే ఐటెమ్ రెస్పాన్స్ థియరీ అనే గణాంక పద్ధతి వాడతారు. ఇందులో ప్రతి ప్రశ్నకూ ముందే తేల్చిపెట్టిన గుణాలు ఉంటాయి: ఎంత కష్టం, విషయం తెలిసినవాళ్లనీ తెలియనివాళ్లనీ ఎంత బాగా విడదీస్తుంది, గుడ్డిగా పెట్టినా సరైపోయే అవకాశం ఎంత. కాబట్టి కష్టమైన పత్రంలో తక్కువ ప్రశ్నలు సరిగ్గా రాసినా, తేలిక పత్రంలో ఎక్కువ సరిగ్గా రాసినవారితో సమానమైన స్కోరు రావచ్చు. పక్కవాళ్లు బాగా రాస్తే మీ స్కోరు తగ్గదు. గ్రేస్ మార్కుల్లాంటివీ లేవు.

పైగా ప్రతి పత్రంలోనూ కొన్ని ప్రశ్నలు ట్రయల్‌వి. ముందుముందు వాడటానికి పనికొస్తాయో లేదో చూడటానికే వాటిని పెడతారు, స్కోరులో కలపరు. అవి ఏవో ఎవరికీ తెలియదు. మీకు సరిగ్గా వచ్చాయని గుర్తున్నవాటిలో అవీ ఉండొచ్చు. హాల్ నుంచి బయటికొచ్చి వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం అందుకే దండగ.

ఇంకో మాట. పరీక్షను టెస్ట్‌లెట్లనే భాగాలుగా విడగొట్టి ఇస్తారు. రెండో టెస్ట్‌లెట్ కష్టంగా వస్తే మొదటిది బాగా రాసినట్టు అని పాత మెటీరియల్‌లో కనిపిస్తుంది. 2023 దాకా ఎంసీక్యూల విషయంలో అది నిజమే. 2024 జనవరి నుంచి ఆ పద్ధతి తీసేశారు. ఇప్పుడు రెండోది కష్టంగా అనిపించినా, తేలిగ్గా అనిపించినా దానికి అర్థమేమీ లేదు.

ప్రశ్న: సిమ్యులేషన్‌లో (ఉద్యోగంలో చేసే పనిలాంటి పెద్ద ప్రశ్నలో) సగం తెలిసి సగం తెలియకపోతే ఆ ప్రశ్న మొత్తం పోయినట్టేనా?

జవాబు: పోదు, సరైన భాగానికి క్రెడిట్ వస్తుంది. ఉదాహరణకు 5,00,000 డాలర్ల ముఖవిలువ ఉన్న బాండ్లను 4,80,000కు అమ్మిన జర్నల్ ఎంట్రీ అడిగారనుకోండి. క్యాష్ డెబిట్ 4,80,000, బాండ్స్ పేయబుల్ క్రెడిట్ 5,00,000 అని మీకు తెలుసు. మిగిలిన 20,000 ఏ ఖాతాలో వేయాలో తట్టలేదు. తెలిసిన రెండు వరుసలూ నింపండి. మూడోదానికి జాబితాలో ఉన్న ఖాతాల్లో దగ్గరగా అనిపించింది ఎంచుకోండి. సరైన జవాబు డిస్కౌంట్ ఆన్ బాండ్స్ పేయబుల్, డెబిట్ వైపు. తప్పుగా పెట్టినా కోత లేదు. ఈ పరీక్షలో ఎక్కడా నెగెటివ్ మార్కులు లేవు. ఖాళీ గడికి మాత్రం సున్నాయే.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. తెర మీద ఇచ్చే స్ప్రెడ్‌షీట్‌లో లెక్క చక్కగా చేసి, ఆ అంకెను జవాబు గడిలో వేయడం మరచిపోతారు. స్ప్రెడ్‌షీట్‌ను ఎవరూ దిద్దరు. అది మీ చిత్తు కాగితం, అంతే.

ప్రశ్న: ఎంసీక్యూల్లో నేను గట్టి. సిమ్యులేషన్లు తేలిగ్గా తీసుకోవచ్చా? రెండింటిలోనూ విడివిడిగా పాస్ కావాలా?

జవాబు: విడివిడిగా అక్కర్లేదు, రెండూ కలిపి ఒకే స్కోరు. కానీ తేలిగ్గా తీసుకుంటే మునుగుతారు. ఆడ్ (ఆడిటింగ్), ఫార్, రెగ్ (పన్నులు, చట్టాలు), బార్ (బిజినెస్ అనాలిసిస్), టీసీపీ (పన్నుల ప్లానింగ్) సెక్షన్లు అన్నింటిలోనూ సిమ్యులేషన్ల వాటా 50 శాతం. ఐఎస్‌సీలో (ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్) మాత్రం 40. ఫార్‌నే చూడండి: 50 ఎంసీక్యూలు ఒక సగం, 7 సిమ్యులేషన్లు మరో సగం. సుమారుగా చూస్తే ఒక సిమ్యులేషన్ ఏడు ఎంసీక్యూల పెట్టు.

సమయం 240 నిమిషాలు. ఎంసీక్యూకి ఒకటిన్నర నిమిషం చొప్పున 75 నిమిషాలు పోతే 165 మిగులుతాయి. అంటే సిమ్యులేషన్‌కి 23 నిమిషాలకు పైనే. చాలామంది మొదటి రెండు టెస్ట్‌లెట్లలోనే రెండు గంటలు కరగబెట్టి, చివరి రెండు సిమ్యులేషన్లను సగంలో వదిలేస్తారు. ఒకసారి సబ్మిట్ చేసిన టెస్ట్‌లెట్‌లోకి వెనక్కి వెళ్లడం కుదరదు కాబట్టి, మొదట్లో పోగొట్టుకున్న టైమ్‌ను తర్వాత రాబట్టుకోలేం. మూడో టెస్ట్‌లెట్ తర్వాత ఇచ్చే 15 నిమిషాల విరామంలో మాత్రం గడియారం ఆగుతుంది. వాడుకోండి.

ప్రశ్న: 73 వచ్చింది. స్కోర్ రివ్యూకి డబ్బు కట్టమంటారా?

జవాబు: మా సలహా, వద్దు. రివ్యూలో మీ జవాబులను కొత్తగా దిద్దేవారెవరూ ఉండరు. సరైన కీతో, సరైన పద్ధతిలో స్కోరు లెక్కించారా అని మాత్రం సరిచూస్తారు. మనిషి దిద్దే అవకాశమున్న వ్యాసాల భాగం బెక్ (బిజినెస్ ఎన్విరాన్‌మెంట్) అనే పాత సెక్షన్‌లో ఉండేది. ఆ సెక్షనే 2023తో పోయింది. ఆ డబ్బును మళ్లీ రాసే ఫీజులో వేసుకోండి.

ఫెయిలైనవారికి స్కోరుతో పాటు వచ్చే పర్ఫార్మెన్స్ రిపోర్టు ఉచితం, దానికంటే పనికొచ్చేది. 75 నుంచి 80 మధ్య స్కోరు వచ్చినవాళ్లతో పోల్చి, ఒక్కో విభాగంలో మీరు మెరుగా, సమానమా, బలహీనమా అని అందులో ఉంటుంది. ‘సమానం’ అని ఉన్నదాన్ని చూసి బెంగపడకండి, పాసైనవాళ్లూ అక్కడే ఉన్నారు. ‘బలహీనం’ అని ఉన్న విభాగానికి బ్లూప్రింట్‌లో (ఏఐసీపీఏ ఇచ్చే సిలబస్ పత్రంలో) ఎంత వెయిటేజీ ఉందో చూసి, ఎక్కువ ఉన్నదాని నుంచి మొదలుపెట్టండి.

ప్రశ్న: పాసైన సెక్షన్ స్కోరు ఎన్నాళ్లు చెల్లుతుంది? 82 వస్తే ఆ ఎక్కువ మార్కులు ఇంకో సెక్షన్‌కి కలుస్తాయా?

జవాబు: కలవవు. 75 అయినా 95 అయినా పాస్ ఒకటే. మూడు కోర్ సెక్షన్లు (ఆడ్, ఫార్, రెగ్), ఒక డిసిప్లిన్ సెక్షన్ (బార్, ఐఎస్‌సీ, టీసీపీల్లో మీరు ఎంచుకున్నది), నాలుగింటిలోనూ విడిగా 75 రావాలి. గడువు పూర్వం 18 నెలలు ఉండేది. ఇప్పుడు చాలా రాష్ట్రాల బోర్డులు దాన్ని 30 నెలలకు పెంచాయి. అయితే ఆఖరి మాట మీరు దరఖాస్తు చేసుకున్న అమెరికా రాష్ట్రపు బోర్డుదే. ఎన్ని నెలలన్నదే కాదు, ఆ నెలలను పరీక్ష రాసిన రోజు నుంచి లెక్కపెడతారా, స్కోరు విడుదలైన రోజు నుంచా అన్నది కూడా ఆ బోర్డు నిబంధనల్లో చూసుకుని రెండో సెక్షన్ తేదీ బుక్ చేసుకోండి.