కారు వెనక సీటులో కెమెరా

ప్రశ్న: ‘గన్ క్రేజీ’లో బ్యాంకు దోపిడీని కట్ లేకుండా ఎలా తీశారు? ఆ దర్శకుడు ఇంకేం తీశారు?

జవాబు: 1950లో విడుదలైన ఆ సినిమాకు దర్శకుడు జోసెఫ్ హెచ్. లూయిస్. షాట్ నిడివి మూడు నిమిషాల పైమాటే. పొడవాటి క్యాడిలాక్‌లో వెనక సీట్లు తీసేసి, గ్రీజు పూసిన చెక్కమీద గుర్రపు జీను బిగించి, దానిమీద కెమెరామన్‌ని కూర్చోబెట్టారు. జీను జారుతుంటే కెమెరా ముందుకీ వెనక్కీ కదిలేది. మనం బ్యాంకులోకి వెళ్లనే వెళ్లం, కారులోనే బిక్కుబిక్కుమంటూ ఉంటాం. ఉత్కంఠంతా అందులోనే ఉంది. కారు ఆపడానికి జాగా దొరుకుతుందా అనే మాటలు నటులు అప్పటికప్పుడు అనుకున్నవే.

అంతకుముందు చవకగా తీసే కౌబాయ్ సినిమాల్లో సీను చప్పగా అనిపిస్తే, కెమెరా ముందు బండి చక్రం నిలబెట్టి దాని ఆకుల సందుల్లోంచి తీసేవారు. ‘వ్యాగన్ వీల్ జో’ అన్న పేరు అలా వచ్చిందే! 1955 నాటి ‘ద బిగ్ కాంబో’ ముగింపు తప్పక చూడండి: పొగమంచులో వెనకనుంచి పడే వెలుగు, ముందు నల్లటి ఆకారాలు, అంతే. ఛాయాగ్రాహకుడు జాన్ ఆల్టన్. తర్వాత టీవీకి వెళ్లి, 1958లో మొదలైన ‘ద రైఫిల్‌మ్యాన్’కు సుమారు 50 అరగంట ఎపిసోడ్లు తీశారు.